బాపు విస్తరి

మా గోదాము దుబాయ్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంది. మ్యూజియాలకు వచ్చే పాత సామాన్ల పెట్టెలు విప్పడం మా పని. ఆ రోజు పెత్రమాస, పోయిన పెద్దలకు అన్నం పెట్టే అమావాస్య. బాపు పోయాక వచ్చిన మొదటిది. ఆయన పోయినప్పుడు ఊరికి వెళ్ళడానికి నాకు సెలవు దొరకలేదు, కొరివి మా చిన్నాయన పెట్టాడు. కనీసం ఒక ముద్దయినా నా చేత్తో పెట్టాలని పొద్దుటి నుంచీ ఒకటే ఆరాటం. పెద్దలకు మధ్యాహ్నమే పెట్టాలి, కానీ డ్యూటీ వదిలేసరికి పొద్దు గూకింది.

నాతో పనిచేసే జగిత్యాల ఖాసీం, విప్పిన పెట్టెలోని ఇనుప టోపీ చూపించాడు.

"వెయ్యేండ్ల కింది సేనాపతిదట. కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తిని కాదని బల్గేరియా రాజుతోని కలిసిండు. మాఫ్ చేస్తమంటే నమ్మి మళ్ళ తిరిగొచ్చిండు. కండ్లు పొడిపిచ్చిన్రు."

"మరి బల్గేరియా రాజు?"

"ఆయన గూడ ఈ సేనాపతిని ద్రోహి అన్నడు. సస్తే మన్ను పోసేటోడు లేడు."

నా మనసు చివుక్కుమంది. ఖాసీం నమాజుకు వెళ్ళాక, ఆ పెట్టె పక్కనే కాగితం విస్తరి వేసి అన్నం, పప్పు, గారెలు పెట్టాను.

"బాపూ, వచ్చి తిను" అన్నాను. అంతటితో ఊరుకోవచ్చు కదా! జాలి ఆగక, ఆ టోపీ వైపు తిరిగి, "నీకూ పెట్టేటోళ్ళు లేరు, నువ్వు గూడ తిను దొరా" అన్నాను. మా వైపు పోయినవాళ్ళకు ఎవరి విస్తరి వాళ్ళకే వేస్తారు. నేను వేసింది ఒక్కటే.

లైటు ఆరిపోయింది. తుప్పు వాసన... దాని వెనకే అన్నం నములుతున్న చప్పుడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో.

"బాపూ...?"

నమలడం ఆగింది. చల్లటి చెయ్యి ఒకటి నా ముఖం తడిమింది. నుదురు... ముక్కు... కళ్ళ మీదికొచ్చి ఆగింది. అది బాపు చెయ్యి కాదు.

షట్టర్ బయట ఎవరో దగ్గారు. ఆ దగ్గు నాకు తెలుసు.

"బిడ్డా... ఆకలైతుంది... నా జాగల ఎవరో కూసున్నరు..."

"ఆగు బాపూ, వస్తున్న..."

చెయ్యి వదల్లేదు. ఎలాగో విదిలించుకుని షట్టర్ ఎత్తేసరికి బయట ఎవరూ లేరు. విస్తరిలో మెతుకు లేదు. అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మర్నాడు అమ్మ ఫోన్ చేసింది.

"రాత్రి కలల మీ బాపు వచ్చిండురా. దుబాయ్‌ల కొడుకు పెట్టిండా అని అడిగిన. గోడ వట్టుకొని తలుపు దేవులాడుతుండు." కాసేపు ఏడ్చి, మెల్లగా అడిగింది. "సచ్చేదాంక ఆయన కండ్లు మంచిగనే ఉండె గదరా, రాజేందర్?"