దారం తెంపిన చెయ్యి

"ఏ దారి?" అని గోడలోని గణకయంత్రం అడిగింది.

"తల్లిదారి," అంది నూకరత్నం, కత్తెర కోసం బల్ల మీద తడుముకుంటూ.

"అవధి?"

"నలభై తరాలు."

ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్న ఖైదీ నెత్తుటి చుక్క ఉన్న గాజుపలక గణకంలోకి జారిపోయింది. ఈలోగా ఆమె అతని మణికట్టుకి తెల్లదారం కట్టి, రెండో కొసను బల్లకున్న ఇనప కొక్కేనికి ముడేసింది. గణకం దిగడం మొదలుపెట్టింది. అమ్మ, అమ్మమ్మ, ఆమెను కన్న అమ్మ, ఆమెను కన్న అమ్మ. ఇటువైపు దిగువసీమ నెత్తురు, అటువైపు ఎగువసీమ నెత్తురు, రెండూ ఏ ఒక్క తల్లి దగ్గరైనా కలుస్తాయేమోనని మెట్టు మెట్టూ వెతుక్కుంటూ దిగింది. నలభై మెట్లలో కలవలేదు.

"కూడలి లేదు. అన్యుడు."

"నీకూ మాకూ దారి లేదు," అని నూకరత్నం దారం తెంపింది. కాపలావాళ్ళు ఖైదీని వెనక తలుపులోంచి ఈడ్చుకుపోయారు. కాసేపటికి గోతిలోంచి గొడ్డలి చప్పుడు వచ్చింది, కొబ్బరిబోండాం చెక్కినట్టు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ చప్పుడు వింటే ఆమెకు అన్నం సయించేది కాదు. ఇప్పుడు అది వినపడకపోతే పని సగంలో ఆగినట్టు ఉంటుంది. మనిషి దేనికైనా అలవాటు పడతాడని గొప్పగా చెబుతారు గానీ, అంత సిగ్గుమాలిన గుణం ఇంకొకటి లేదు.

ఎగువ, దిగువ సీమలు రెండూ నీళ్ళ కోసం కొట్టుకుని కొట్టుకుని ఒక్క విషయంలో మాత్రం రాజీపడ్డాయి. యుద్ధం ఎలాగూ ఆగదు కాబట్టి, ఎవరూ తమవాళ్ళను తాము చంపుకోకూడదు. తమవాళ్ళెవరో తేల్చడానికి రెండు సీమలకూ కలిపి గణకం వెలిసింది. పుట్టిన ప్రతి బిడ్డ ముంజేతికీ కడియం పడింది. స్వజనుణ్ణి చంపితే ఆ కడియం మొదట ఎముక దాకా బిగుస్తుంది, ఆ తరవాత దాని విషపు ముల్లు దిగుతుంది. గణకం బల్ల ముందున్నవాడైతే ముల్లుకు ముందు చచ్చినవాడి పేరు చెప్పాలి. గణకం ప్రతిసారీ రెండు ప్రశ్నలు అడిగేది, కుర్చీలో ఉన్నవాళ్ళు ప్రతిసారీ అవే రెండు జవాబులు చెప్పేవారు. వేరే జవాబు ఉండబట్టే కదా ఇది అడుగుతోందని చాలామందికి తట్టలేదు. తట్టినవాళ్ళు నోరు మూసుకుని జీతాలు తీసుకున్నారు. నూకరత్నానికి తట్టి చాలా కాలమే అయింది.

"అమ్మా, ఇయ్యాల కొరమీను దొరికింది. పులుసెట్టమంటావా, ఏపుడు సెయ్యమంటావా?"

వంటవాడు తవిటయ్య తడిచేతులతో గుమ్మంలో నిలబడ్డాడు. యుద్ధానికి రమ్మంటే, నెత్తురంటే భయం బాబూ అని చెప్పి గరిటె పట్టినవాడు. నూకరత్నం ఒక్కగానొక్క కొడుకు పోలినాయుడు కిందటి వానాకాలం తూము దగ్గర చచ్చిపోయినప్పుడు, ఆమె మంచం పక్కన కూర్చుని గంజి తాగించింది తవిటయ్యే.

"పులుసే పెట్టు," అంది.

అతను వెళ్ళాక శాలాధికారి జగ్గారావు ఒక ఖైదీని వెంటబెట్టుకుని వచ్చాడు. నలభై దాటిన మనిషి, గెడ్డం మాసింది, భుజం మీద పాత కాలుడు మచ్చ ఉంది.

"రత్నమ్మా, ఇతను గోతికి కాదు, మార్పిడికి. దారం తెంపేస్తే పంపించేస్తాం. బదులుగా అటున్న మన పిల్లల్ని వదుల్తారు," అన్నాడు. ఆ తరవాత కిటికీ వైపు చూస్తూ, "పేరు దాలినాయుడు. తూము కాసినోడు," అన్నాడు.

మార్పిడికి పోయే ఖైదీ నెత్తుటిని అతను చంపినవాళ్ళ నెత్తుటితో సరిచూడాలి. అన్యులేనని తేలితే అతని మీద ఏ పాపమూ లేనట్టే. చనిపోయినవాళ్ళ చుక్కలు అలమరలో భద్రంగా ఉంటాయి. జగ్గారావు బల్ల మీద పెట్టిన పలక అంచున పోలినాయుడి పేరు ఉంది.

ఆమె దాలినాయుడి ముఖంలోకి చూసింది.

"తూము కాడ ఎర్రచొక్కా కుర్రోడు. ముందు కాళ్ళు నరికేరు. పాకుతా ఎల్తంటే నీళ్ళలో తొక్కిపెట్టేరు. నువ్వేనా?"

దాలినాయుడు నిజంగానే ఆలోచించాడు. "సానామందిని కొట్టేనమ్మా. నాకు గుర్తు నేదు."

అతను నవ్వినా బాగుండేది. తిట్టినా భరించేది. ఆ మాట మాత్రం ఆమె భరించలేకపోయింది. పిల్లవాడి శవం ఇంటికొచ్చినప్పుడు ముఖం లేదు, కడియం చూసి పోల్చుకుంది. చంపినవాడికి గుర్తే లేదట. ఇప్పుడు తనే దారం తెంపి, నీకూ మాకూ దారి లేదని తన నోటితోనే చెప్పి, వాణ్ణి ఇంటికి సాగనంపాలి. ఆమె రెండు పలకలనూ లోపలికి తోసింది.

"ఏ దారి?"

"అన్ని దార్లూ."

జగ్గారావు చటుక్కున తిరిగాడు. "రత్నమ్మా!"

"అవధి?"

నలభై అంటే ఎక్కడ తప్పించుకుంటాడోనని ఆమెకు భయం వేసింది.

"అవధి నేదు. దొరికినకాడికి దిగుతూనే ఉండు."

గణకం ఇన్నాళ్ళూ ఒక్క సన్నటి మెట్లదారిలో దిగేది. ఇప్పుడు తండ్రుల తల్లులు, తల్లుల తండ్రులు, వాళ్ళ తాతలు, అన్ని తలుపులూ ఒక్కసారి తెరుచుకున్నాయి. గోడలు అదిరాయి. ఎక్కువసేపు పట్టలేదు.

"ఏడో తరంలో కూడలి. స్త్రీ."

తెర మీద ఆ స్త్రీ ముఖం గీసింది గణకం. పోలినాయుడి కనుబొమలు. దాలినాయుడి గెడ్డం. ఏ ఊళ్ళో బతికిందో ఏమో, ఒక కొడుకు ఎగువకీ ఒక కూతురు దిగువకీ పోయి ఉంటారు.

"స్వజనుడు. బంధుహత్య. నువ్వు చంపినవాడి పేరు చెప్పు."

"గుర్తు నేదు," అన్నాడు దాలినాయుడు. కడియం బిగిసింది. ఎముక విరిగిన చప్పుడు గది అంతా వినిపించింది. అతను నేల మీద పడి గిలగిలా కొట్టుకున్నాడు. నూకరత్నం కుర్చీలోంచి ముందుకు వంగి చూసింది. దాచడమెందుకు, ఆమెకు కడుపు నిండినట్టు హాయిగా ఉంది.

"జవాబు మారింది," అంది గణకం. "పాత తీర్పులన్నీ తిరగదోడాలి. కొట్టిన చెయ్యి ముందు. ఆజ్ఞ ఇచ్చిన నోరు తరవాత. దారం తెంపిన చెయ్యి చివర."

గోతిలోంచి కేక వచ్చింది. గొడ్డలి మనిషి వెనక తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. ఎడమచెయ్యి నల్లబడిపోయింది. ఆ చేతిని గడప మీద పెట్టి, తన గొడ్డలితో తనే మణికట్టు దగ్గర నరుక్కున్నాడు. కడియం చేతితో సహా దొర్లింది. ముల్లు అప్పటికే దిగిపోయింది. అతను గడపకు అడ్డంగా పడి, నోట నురగ కక్కుతూ చచ్చిపోయాడు. అతని వెనక కాపలావాళ్ళు ఒకరి మీద ఒకరు కూలారు. దూరంగా గట్టు మీద పొద్దుట్నుంచీ మోగుతున్న తుపాకులు ఆగాయి. వాటి బదులు రెండు సీమల వైపు నుంచీ ఒకే రకం అరుపులు వినిపించాయి.

"పాత మాట చెప్పవే! తల్లిదారి అను! నలభై అను!" జగ్గారావు ఆమె జుట్టు పట్టుకుని తలను బల్లకేసి కొట్టాడు. ఆమె నుదురు చిట్లి నెత్తురు కారింది. అతనే చెబుదామంటే లాభం లేదు, ఆ రోజు కుర్చీలో ఉన్నవాళ్ళ గొంతు తప్ప గణకం ఇంకొకటి వినదు. నడుము నుంచి పిస్తోలు తీశాడు. తన కడియం వంక చూసుకున్నాడు. ఇప్పుడు ఈమె కూడా స్వజనురాలే. పిస్తోలు దించేశాడు.

నూకరత్నం కళ్ళలోకి కారుతున్న నెత్తురు తుడుచుకుని తెర వైపు చూసింది. గణకం ఇంకా దిగుతూనే ఉంది. ఆగమని చెప్పినవాళ్ళు లేరు కదా. ఆ స్త్రీ ముఖం ఎప్పుడో పోయింది. నుదురు వాలిపోయి, దవడ ముందుకొచ్చి, ఒళ్ళంతా బొచ్చుతో ఒక తల్లి తన పిల్లను పొట్టకు కరుచుకుని చూస్తోంది. "కూడలి. కోతులు స్వజనులు," అంది గణకం. ఆ తల్లి చుంచెలుకంత చిన్నదై ఆకుల కింద దాక్కుంది. "కూడలి. గొడ్లు, మేకలు, కుక్కలు స్వజనులు." బొచ్చు రాలిపోయింది. కాళ్ళు పొట్టివై, చదునై, రెక్కలుగా మారి బురదనీటిలో ఆడాయి. "కూడలి. చేపలు స్వజనులు."

వంటింట్లో గిన్నె పడ్డ చప్పుడైంది.

తవిటయ్య గోడ పట్టుకుని వచ్చాడు. చేతిలో ఇంకా చేపల కత్తి ఉంది, వేళ్ళకు పొలుసులు అంటుకున్నాయి. కడియం సగం మాంసంలోకి దిగింది.

"అమ్మా, నా కడియం పట్టేస్తందే. నానేటి సేసేను? ఏ మనిషినీ సెయ్యెత్తి కొట్టి ఎరగను. పులుసు పొయ్యి మీదుందమ్మా."

నూకరత్నానికి అప్పుడు అర్థమైంది, తను కోపంలో అన్న రెండో మాట ఏం చేసిందో. ఈ లోకంలో చేప తిననివాడెవడు, చీమను తొక్కనివాడెవడు? గణకం ఇలాగే దిగితే సాయంత్రానికి ఉయ్యాల్లో పిల్లలు తప్ప ఎవరూ మిగలరు. పాత జవాబు చెబితే తవిటయ్య బతుకుతాడు. జగ్గారావు బతుకుతాడు, తనూ బతుకుతుంది. దాలినాయుడు విరిగిన చేత్తో ఇంటికి పోతాడు. రేపు పొద్దున్న మళ్ళీ ఎవరో మోకాళ్ళ మీద కూర్చుంటారు, గోతిలోంచి ఆ చప్పుడు వస్తుంది. ఏడో తరంలో ఆ కనుబొమలున్న ముసలమ్మను చూశాక, నీకూ మాకూ దారి లేదని ఎలా అంటుంది?

"గణకమా, జవాబు మారుస్తన్నాను," అంది.

జగ్గారావు హమ్మయ్యని ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏ దారి?"

"అన్ని దార్లూ."

"అవధి?"

"మనిసి దాకా."

"ఒసే, మనిషి దాకా అంటే నేను పోతాను! నువ్వూ పోతావే!" అని అరిచాడు జగ్గారావు.

"తెలుసు బాబూ."

తవిటయ్య కడియం వదులైంది. అతను గోడకు జారగిలబడి చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. తెర మీద రెక్కలు మళ్ళీ కాళ్ళయ్యాయి, బొచ్చు పోయింది, ఆ స్త్రీ ముఖం తిరిగి వచ్చి ఆగింది.

"నువ్వు చంపినవాడి పేరు చెప్పు," అంది గణకం దాలినాయుడితో, మూడోసారి అడగనన్నట్టు.

అతను నూకరత్నం వైపు చూశాడు. ఆమె అతని ముందుకు వంగింది.

"పోలినాయుడు," అంది. "ఆడి పేరు పోలినాయుడు."

"పోలినాయుడు," అన్నాడతను. ముల్లు దిగింది.

జగ్గారావు తలుపు దాకా పరిగెత్తాడు. తలుపు దాటలేదు.

గదిలో పులుసు మాడుతున్న వాసన వస్తోంది. నూకరత్నం కత్తెర పక్కన పెట్టి, కడియమున్న చెయ్యి బల్ల మీద చాచింది. కొక్కేనికి పొద్దున్న తెంపిన దారం కొస ఇంకా వేలాడుతోంది.

"దారం తెంపిన చెయ్యి," అంది గణకం. "ఎవరెవరి దారం తెంపావో వాళ్ళ పేర్లు చెప్పు."

ఆమె గుర్తు తెచ్చుకోవడానికి చాలా ప్రయత్నించింది. పొద్దున్న తన ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నవాడి ముఖమైనా గుర్తుకు రాలేదు. చెప్పగలిగేవాళ్ళు గదిలో ఎవరూ లేరు.

"గుర్తు నేదు," అంది.

కడియం బిగిసింది.