రెండు చివర్లా ఒకడే

“ఎజ్రా ఫించ్ ఎవడమ్మా? మా బళ్ళో అలాంటి వాడే లేడు!”

మిస్ ఎర్లీన్ గొంతుకి అమెరికాలోని సవానా సిటీ హాల్లో పాత ఫోటోల ప్రదర్శనకొచ్చిన జనమంతా తిరిగి చూశారు. డెబ్భై దాటిన ఆవిడ చేతికర్ర గోడ మీది ఫోటో కింద రాసున్న ఆ పేరుని పొడవబోయి ఆగింది. 1931లో నల్లవాళ్ళ బడి పిల్లలందరినీ వరసగా నిలబెట్టి తీసిన పొడవాటి ఫోటో అది.

లవీనియా గబగబా ఫోటో దగ్గరికొచ్చింది. పాత ఫోటోల్లో ఎవరెవరో కనుక్కుని కింద పేర్లు రాయడం ఆమె ఉద్యోగం. ఇంకా పర్మనెంట్ కాలేదు. బయట మేయరు కారు ఆగుతున్న చప్పుడు.

“పేరు తప్పయితే ఫోటో దించేస్తా. నీ ఉద్యోగం సంగతి సోమవారం మాట్లాడదాం,” అన్నాడు డైరెక్టర్ విట్లో పళ్ళు కొరుకుతూ. “అసలా పేరు చెప్పిందెవరు?”

ఫోటోలో మా తాతయ్య ఉన్నాడంటూ తన దగ్గరికొచ్చిన డెస్మండ్ కోసం ఆమె కళ్ళు జనంలో వెతికాయి. టై ముడి లాక్కుంటూ నేలచూపులు చూస్తున్నాడు.

చెప్పింది అతనే! ఆ ఎజ్రా కుటుంబం కోసం ప్రతి శనివారం ఇద్దరూ ఊళ్ళో చర్చీలన్నీ గాలించారు. ఒకే గొడుగులో చెరో భుజం తడుపుకున్నారు. పీచ్ ఐస్‌క్రీమ్ కోసం కొట్టుకున్నారు. ఎజ్రా మాత్రం దొరకలేదు.

“అమ్మాయ్, ఇలా చూడు,” అంది ఎర్లీన్. “కుడి చివర ఉన్న ఈ కార్నీలియస్ రోలిన్స్‌కీ, ఎడమ చివర ఉన్న మీ ఎజ్రాకీ తేడా చెప్పు.”

లవీనియా ఆ చివరికీ ఈ చివరికీ పరుగెత్తింది. అదే చిరిగిన కాలరు. అదే కొంటె నవ్వు!

“కెమెరా ఎడమ నుంచి మెల్లగా తిరుగుతుంటే, వీడు మా వెనక నుంచి పరుగెత్తి కుడివైపు నిలబడ్డాడు. రెండుచోట్లా పడ్డాడు. హెడ్‌మాస్టరు వీపు విమానం మోత మోగించాడనుకో!”

హాలంతా గొల్లుమంది. విట్లో కూడా నవ్వేశాడు. “ఫోటో ఉండనీ. సోమవారం మాట మర్చిపో. కానీ ఎజ్రాని పుట్టించిన ఘనుడెవరో చెప్పు, మేయరు ముందు వాడి చేతే ఈ కథ చెప్పిస్తా.”

లవీనియా డెస్మండ్ మీదికి దూసుకెళ్ళింది. “నీకు ముందే తెలుసు!”

“ఆ పరుగెత్తిన తాతయ్యే చెప్పాడు. నా పేరుకీ ఇంటిపేరుకీ మధ్య ఉన్నది కూడా ఆయన పేరే,” గొణిగాడు. “నిజం చెబితే మొదటి శనివారంతోనే పని అయిపోయేది. మళ్ళీ ఏ వంకతో వచ్చేవాణ్ణి?”

“వంకెందుకు? నోరు లేదా?”

“నీ ఎదురుగా ఉంటే లేదు.”

ఆమెకి తిట్టాలని ఉంది. పెదాలేమో నవ్వడానికి సిద్ధమైపోయాయి.

“లవీనియా! పేరు!” అరిచాడు విట్లో.

“ఆలోచించుకుని పిలువమ్మాయ్,” కన్ను గీటింది ఎర్లీన్. “తప్పు చేసినవాణ్ణి మూడు పేర్లూ కలిపి కేకేసే హక్కు ఈ ఊళ్ళో తల్లికుంటుంది, లేదా పెళ్ళానికుంటుంది.”

డెస్మండ్ తలెత్తి ఆమెకేసి చూశాడు.

అప్పుడే మేయరు లోపలికి అడుగుపెట్టాడు. లవీనియా లెక్కచెయ్యలేదు. హాలు మారుమోగేలా కేకేసింది.

“డెస్మండ్ కార్నీలియస్ రోలిన్స్!”