నూరేళ్ళ గది

2094లో గోదావరి మీద వంతెన కట్టే కాగితం కింద ఏ ఇంజినీరు సంతకం పెట్టాలన్నా, ముందు నూరేళ్ళ గదిలో నెగ్గాలి. దస్త్రాల్లో దాని పేరు కాలసంపీడన యంత్రం. అభ్యర్థి గీసిన వంతెనను ఆ గది కాంతితో కట్టి, నూరేళ్ళ ఎండావానల్ని ఒక్క గంటలో దాని మీదుగా నడిపిస్తుంది. ఆ వంతెన మీద తిరిగేవాళ్ళు నీడమనుషులు. వాళ్ళ నడక, తొందర, కుతూహలం అన్నీ చుట్టుపక్కల ఊళ్ళ జనం అలవాట్లను కొలిచి తీసుకున్నవే.

నూకరత్నానికి నలభై ఆరేళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె గీసిన వంతెనల కింద వేరేవాళ్ళ సంతకాలే ఉన్నాయి. లైసెన్సు పరీక్షకు మూడుసార్లకు మించి రానివ్వరు. ఇది మూడోసారి.

మొదటిసారి వరద చూడ్డానికి నీడమనుషులంతా ఎగువ వైపు కమ్మీకి ఆనుకుంటే వంతెన ఒరిగిపోయింది. రెండోసారి ఆమె "ఇక్కడ నిలబడరాదు" అని బోర్డు పెట్టింది. దాని మీద ఏం రాసుందో చదవడానికి ఇంకా ఎక్కువమంది నిలబడ్డారు.

"ఈసారి బోర్డు ఎక్కడ పెట్టావమ్మా?" అన్నాడు పరీక్షాధికారి తాతాజీ. ఆయన, మరో పదిమంది పరీక్షకులు గదిలో ఎత్తుగా వేలాడే గ్యాలరీలో ఉన్నారు. నూకరత్నం వాళ్ళ వెనకే, గుమ్మం వైపు నిలబడింది.

"తీసేశానండి. అరుగు వేశాను."

"వంతెనకి అరుగా?"

"ఆయ్. నిలబడొద్దంటే వినరు కదండి. కూర్చోమంటే సరిపోతుంది. ఆ వైపు స్తంభాలు రెండు ఎక్కువ వేశాను."

పరీక్షకులు ముసిముసిగా నవ్వారు. యంత్రం కదిలింది.

అరవై మూడో ఏట వరద వచ్చింది. నీడమనుషులు పిల్లల్ని భుజాలకెత్తుకుని వచ్చారు. ఒకడు బజ్జీల బండి కూడా తోసుకొచ్చాడు. అరుగు నిండిపోయింది. వంతెన కదల్లేదు. వరద తగ్గింది. ఏళ్ళు గడిచాయి.

"అభ్యర్థి నూకరత్నం గారి వంతెనకు నూరేళ్ళు నిండాయి," అంది యంత్రం.

ఆమె మొహం పాలిపోయింది. "పోయిందా అండి?"

"పోలేదమ్మా, నిలబడింది. నువ్వు నెగ్గావు," అన్నాడు తాతాజీ. "దీనికి మాటలు నేర్పినవాడికి తెలుగు అంతంతమాత్రం. ఇప్పటికి ఇద్దరు కళ్ళు తిరిగి పడిపోయారు."

లైసెన్సు కార్డు చేతికొచ్చింది. నూకరత్నం దాన్ని రెండుసార్లు చదువుకుంది.

"ఇక హద్దు పరీక్ష. దీనికి మార్కులు లేవు," అంది యంత్రం. "వెయ్యేళ్ళకోసారి వచ్చే వరదను వదులుతున్నాను."

కింద నీళ్ళు ఎర్రగా, సుడులు తిరుగుతూ వచ్చిపడ్డాయి. పరీక్షకులంతా ఒక్కసారిగా ఎగువ వైపుకి కదిలారు.

"అదుగో, గేదె ఈదుకొస్తోంది."

"ఎక్కడ? కాస్త జరగవయ్యా బాబూ."

కాళ్ళ కింద గ్యాలరీ మూలిగింది. ఒక వైపుకి వాలడం మొదలెట్టింది.

"ఇటు వచ్చేయండి," అంది నూకరత్నం. ఎవరూ కదల్లేదు.

"ఒక్క నిమిషం ఉండమ్మా," అన్నాడు తాతాజీ, వెనక్కి తిరక్కుండానే.

నూకరత్నం గొంతు పెంచింది. "లైసెన్సు నంబరు నాలుగు వేల పన్నెండు. ఇంజినీరుగా చెబుతున్నాను. ఒక్కొక్కరే వెనక్కి రండి."

ఆ గొంతుకి పదకొండుమందీ మెల్లగా వెనక్కొచ్చారు. గ్యాలరీ మళ్ళీ సమంగా నిలిచింది.

"దీన్ని ఎవరు కట్టారండి?"

తాతాజీ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "నేనే. అటు సగంమంది, ఇటు సగంమంది ఉంటారని లెక్కేశాను."

నూకరత్నం కాగితం తీసుకుని, మరమ్మతు అయ్యేదాకా గ్యాలరీ మూసేయాలని రాసి, కింద తన పేరు పూర్తిగా, అక్షరం అక్షరం విడదీసి సంతకం చేసింది. అందరూ బుద్ధిగా మెట్ల వైపు నడిచారు.

తాతాజీ గుమ్మం దగ్గర ఆగాడు. "ఇంజినీరు గారూ, ఆ గేదె ఒడ్డెక్కిందంటారా?"

"ఎక్కిందండి," అంది నూకరత్నం. "దూడ కూడా."