టేపు రెండోవైపు

"పదకొండింటికి సెమినార్. టెలిఫోన్‌లోనే," అన్నాడు బాస్, ఫైలు మీంచి తలెత్తకుండా. "అంశం మోకాళ్ల నొప్పులు. లైన్లో నూట ఇరవై మంది. ప్రశ్నల టైములో విదేశీ ముఠా మనిషి డామ్ పేల్చే ముహూర్తం కోడ్‌లో చెబుతాడు. ఆ గొంతు రికార్డు కావాలి."

"పోయిన రెండుసార్లూ రికార్డు కాలేదుగా సార్."

"ఆ రెండుసార్లూ బోర్డు దగ్గర కూర్చున్నది మీ బావమరిదేగా. అందుకే లాకప్‌లో ఉన్నాడు. అమ్ముడుపోయిన వెధవ. ఈసారీ టేపు రాకపోతే వాడి మీద కేసు ఖాయం."

డిపార్టుమెంటులో డేగ అని పిలిచే ఆ ఏజెంటుకు అరికాలి మంట నెత్తికెక్కింది. బావమరిది మంచినీళ్లకైనా ఒకరి దగ్గర చెయ్యి చాపే రకం కాదు. పొద్దున అత్తగారు టేప్‌రికార్డరుకు బ్యాటరీలు వేయించుకుంటూ కూడా కొడుకును తలచుకుని కళ్లొత్తుకుంది. ఆవిడ ముందు తలెత్తలేకపోయాడు.

సెమినార్ ఆఫీసులో మెకానిక్ వేషంలో, హెడ్‌ఫోన్ తగిలించుకుని బోర్డు ముందు కూర్చున్నాడు. లైనుకో బల్బు. సెమినార్ నడిపేది డిపార్టుమెంటు ఏజెంటే, ముద్దుపేరు సిల్కు. ఆమె గొంతు వింటే సగం నొప్పి అక్కడే తగ్గుతుంది. రికార్డింగ్ మెషీన్ అద్దం అవతల, ఆమె గదిలో ఉంది.

"అందరి లైన్లూ మ్యూట్ చేస్తున్నాను. ప్రశ్న ఉన్నవాళ్లు ఒకటి నొక్కండి. ఈ కాల్ రికార్డు అవుతోంది," అంది సిల్కు తియ్యగా.

డాక్టరు నలభై నిమిషాలు మాట్లాడాడు. డెబ్భై మూడో బల్బు వెలిగింది.

"ఎడమ మోకాలండీ. పన్నెండో మెట్టు దగ్గర పట్టేస్తోంది," అందో మగ గొంతు.

ఎడమ మోకాలంటే డామ్ ఎడమ గేటు. పన్నెండో మెట్టంటే పన్నెండు గంటలు. అప్పటికి టైము పదకొండూ నలభై రెండు. డేగ అద్దం గదిలోకి ఉరికి టేపు వెనక్కి తిప్పి పెట్టాడు. గుయ్యిమనే శబ్దం తప్ప ఏమీ లేదు.

"మొరాయించినట్టుంది," అంది సిల్కు గోళ్లు చూసుకుంటూ. "రెండుసార్లు మీ బావమరిది బలయ్యాడు. ఈసారి నువ్వు."

డేగ స్క్రూడ్రైవర్ పిడి తిప్పాడు. అందులోంచి పిస్టల్ గొట్టం బయటికొచ్చింది.

"చేతులు పైకెత్తు. వాడు నిన్ను అక్కా అని పిలిచేవాడే."

హెడ్‌ఫోన్ తీగతో ఆమెను కుర్చీకి కట్టేసి, బోర్డు దగ్గరికొచ్చి బాస్‌కు ఫోన్ కలిపి సంగతి చెప్పాడు.

"నీ మాట మీద బాంబు దళం కదలదు. టేపు వినిపించు. రూల్సు," అన్నాడు బాస్.

"ఊళ్లు కొట్టుకుపోయాక ఆ రూల్సు ఎవరికి చదివి వినిపిస్తారు సార్?"

డేగకు ఆ ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. అంతలో పంతొమ్మిదో బల్బు వెలిగింది. లైను తెరిచాడు.

"అమ్మా, ఆ చివరి వ్యాయామం నా టేపులో సరిగ్గా పడలేదు. డాక్టరుగారితో ఇంకోసారి చెప్పిస్తారా?"

అత్తగారు. ఏ సెమినార్‌నూ రికార్డు చెయ్యకుండా వదలని మనిషి.

"అత్తయ్యా, ఆ మెట్లాయన మాట పడిందా?"

"పడకేం? నువ్వు వేసిన బ్యాటరీలేగా. అక్కడేం చేస్తున్నావు నాయనా?"

"తర్వాత చెప్తాను. వెనక్కి తిప్పి రిసీవరు దగ్గర పెట్టండి."

రెండు లైన్లూ కలిపాడు. బాస్ విన్నాడు. దళం కదిలింది. పదకొండూ యాభై తొమ్మిదికి డామ్ మీద బాంబు తీగ తెగింది.

సాయంత్రం బాస్ టేపు తెమ్మన్నాడు, సాక్ష్యానికి. డేగ ఇంటికొచ్చి అడిగితే అత్తగారు దాన్ని గుప్పిట్లోంచి వదల్లేదు.

"ముందు నా కొడుకుని ఇంటికి పంపమను. అమ్ముడుపోయాడన్న నోటితోనే తప్పయిందని నాకు ఫోన్ చేసి చెప్పమను," అంది. "రెండోవైపు ఖాళీగానే ఉంది. రికార్డు చేసుకుని ఇస్తాను."