దూలానికి కట్టిన మూట

కృపాకుమారి కుర్చీ అంచున కూర్చుంది. "రేపు పొద్దున మా ఆయన్ను పోలీసులకు పట్టిస్తారంట మేడం. ఆయప్ప ఏ పాపమూ ఎరగడు" అంది.

అనంతపురంలో ప్రైవేటు డిటెక్టివ్ హేమావతి ముందు కూర్చుని ఆమె చెప్పుకొచ్చిన సంగతి ఇది. కళ్యాణదుర్గం దగ్గరి వాళ్ల పల్లెలో రైతులంతా కలిసి ఒక వ్యాపారి దగ్గర విత్తన వేరుశనగ కొన్నారు. వాన పడేదాకా బస్తాలు గోడౌన్‌లో ఉన్నాయి. తాళం ఆమె భర్త ఇమ్మానుయేల్ దగ్గర ఉంది. వాన పడింది, విత్తారు, మొలక రాలేదు. కొన్ననాడు కాయ వలిచి వాసన చూసి మంచివన్నది దాసప్ప. ఆ ఊళ్లో దాసప్ప చూశాడంటే ఇంకొకరు చూడరు. అందుకని బస్తాలు మారాయనీ, మార్చింది తాళమున్నవాడేననీ ఊరు తేల్చేసింది.

"ముందు ఆ దాసప్పను చూద్దాం పద" అంది హేమావతి. అసిస్టెంటు తిప్పేష్ బండి తీశాడు. ఆమె మాటంటే అతనికి వేదం.

దాసప్ప భార్య అక్కమ్మ కాఫీ ఇచ్చింది. పాలు అడుగంటిన వాసనకు తిప్పేష్‌కు గుక్క దిగలేదు. దాసప్ప మాత్రం హాయిగా తాగాడు. హేమావతి గుప్పెడు వేరుశనగ కాయలు చేతికిచ్చి ఎట్లున్నాయో చూడమంటే చెవి దగ్గర ఆడించాడు, వెలుతురులో తిప్పి చూశాడు, చివర్లో మొక్కుబడిగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గూట్లో ఉప్పు పొట్లం, పక్కనే సన్నని ముక్కున్న ప్లాస్టిక్ సీసా ఉన్నాయి. పోయిన చలికాలం చూపు మందగించి బెంగళూరులో ఆపరేషన్ చేయించుకున్నానని చెప్పాడు. కంటికి కట్టు కట్టారా అని హేమావతి అడిగితే లేదన్నాడు. దూలానికి చిన్న గుడ్డమూటలు వేలాడుతున్నాయి. ఏటా విత్తనం కొన్నరోజే గుప్పెడు కాయలు మూటగట్టడం ఆయన అలవాటట. ఈ ఏటి మూట అడిగితే కాసేపు తటపటాయించి ఇచ్చాడు. ఇన్ని చూసినా తిప్పేష్‌కు ఏమీ బోధపడలేదు.

మర్నాడు పొద్దున్నే గోడౌన్ ముందు ఊరంతా చేరి ఇమ్మానుయేల్‌ను మధ్యలో నిలబెట్టింది. హేమావతి మూట విప్పి, కాయలు వలిచి అందరికీ పంచింది. వాసన చూసినవాళ్లంతా ముఖం చిట్లించారు. పాత నూనె వాసన.

"బస్తాలు మారలేదు. ఈ మూట కొన్నరోజే కట్టింది, అప్పట్నుంచి దాసప్ప ఇంటి దూలానికే ఉంది. పాత సరుకు అంటగట్టింది వ్యాపారి. దాసప్ప కనుక్కోలేకపోయినాడు, అంతే" అందామె. ఆపైన గొంతు తగ్గించింది. "కంటికి కట్టు కట్టలేదంటే ఆయనకు చేసింది కంటి ఆపరేషన్ కాదు. మెదడు కింద గడ్డ చూపు నరాన్ని నొక్కుతాంటే ముక్కులోంచి పోయి తీసినారు. ఆ సీసా ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కునేది. ఇట్లాంటి ఆపరేషన్ తర్వాత కొందరికి వాసన తెలీదు. చానామందికి తిరిగొస్తుంది. కొందరికి రాదు."

దాసప్ప లేచి నిలబడ్డాడు. "రోజూ ఇంగువ డబ్బా మూత తీసి చూసుకుంటాండా, ఈపొద్దన్నా వస్తుందేమోనని. నలభై ఏండ్ల పేరప్పా. వాసన పోయిందని చెప్పేకి నోరు రాల్యా. నింద వీని మీదికి పోతాంటే ఊరకే చూస్తా నిలబడినా."

తిప్పేష్‌కు ఆయన మీద జాలీ కోపమూ ఒక్కసారే కలిగాయి.

దాసప్ప మూటలో మిగిలిన కాయలు తెచ్చి ఇమ్మానుయేల్ ముందు చెయ్యి చాపాడు. "ఇంగ మీద నువ్వే వాసన చూసి చెప్పప్పా" అన్నాడు.

ఇమ్మానుయేల్ కాయలు ముట్టుకోలేదు. "బస్తాలు మార్చల్యా అని నిన్న నెత్తీ నోరూ కొట్టుకొని చెప్తి. ఒకరన్నా వినిరా అన్నా?"



"నేను చెప్పింటే వినింటారు" అన్నాడు దాసప్ప. చాపిన చెయ్యి అలాగే ఉంచాడు.