గులాబీ రంగు దూది

“రేపు పొద్దున వాలీ జూఫ్ నోరు పెగలాలి. నీ మిషన్ అదే.”

సెనెగల్ రాజధాని డకార్‌లో ఇంటెలిజెన్స్ చీఫ్ అంతకన్నా ఎక్కువ చెప్పలేదు. ఏజెంట్ అన్సూ బాజీకి అది చాలు. విదేశీ ట్రాలర్లను మన తీరానికి రానివ్వొద్దని రేపటి చర్చల్లో జాలర్ల తరఫున వాదించేది ఆ ముసలాయనే. ఆయనకు నికెల్ పడదు. గడియారం పట్టీ తగిలినా చెయ్యి వాచిపోతుంది. ఇవాళ ఆయన పన్నుకు తొడుగు వేస్తున్నారు. బంగారు మిశ్రమం బదులు నికెల్ లోహం పెడితే అది లాలాజలంలోకి ఊరుతుంది. తెల్లారేసరికి నాలుక వాచి మాట రాదు.

అనుమానం పళ్ల డాక్టర్ రొఖయా మీద. పట్టు గౌను, ఖరీదైన అత్తరు, ఇటు చీఫ్ దగ్గరా, అటు ట్రాలర్లవాళ్ల దగ్గరా జీతం.

ముసలాయన డ్రైవర్ వేషంలో అన్సూ కుర్చీ పక్కనే నిలబడ్డాడు. ల్యాబ్ నుంచి వచ్చిన తొడుగును ఎవరూ చూడకుండా మందు చుక్కలు వేసిన దూదితో రుద్దాడు. నికెల్ ఉంటే దూది గులాబీ రంగుకు తిరగాలి. తిరగలేదు.

రొఖయా చిన్న అద్దాన్ని అరచేతుల మధ్య వెచ్చబెట్టి మరీ ముసలాయన నోట్లో పెట్టింది. అన్సూ అది గమనించాడు. తొడుగు కాస్త ఎత్తుగా ఉందని ఆమె అంటే, టెక్నీషియన్ లాతిర్ ఫాయ్ లోపలికి తీసుకెళ్లి అరగదీసి తెచ్చాడు.

అన్సూ మనసు తేలికపడింది. ఫాయ్ అంటే సెరేర్ ఇంటిపేరు. తను జోలా. ఈ రెండు జాతులవాళ్లు ఎదురుపడితే వేళాకోళం ఆడకపోవడమే తప్పు.

“ఏరా ఫాయ్, మా ఇంట్లో అన్నం కుండ ఖాళీ చేసి పారిపోయిన బానిసవి నువ్వేగా?”

సెరేర్ అయితే రెట్టింపు తిట్టి నవ్వాలి. లాతిర్ ముఖం మాడ్చుకుని, “క్షమించండి, పనిలో ఉన్నాను,” అన్నాడు.

ముసలాయనా సెరేరే. నోరు తెరుచుకుని పడుకున్న ఆయన కనుబొమ్మలు సైతం లేచాయి. వీడు ఫాయ్ కాడు.

సిమెంటు పూసిన తొడుగు పంటికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. అన్సూ రొఖయా మణికట్టు పట్టుకున్నాడు. ఆమె పెనుగులాడలేదు. తొడుగును తనే ట్రేలో వేసింది. తుడిచి, రెండో దూదితో రుద్దితే గులాబీ రంగు తేలింది.

లాతిర్ తలుపు వైపు ఉరికాడు. రొఖయా కాలు అడ్డం పెట్టింది.

“తొడుగు మారుస్తారని మీ చీఫ్‌కు కబురు పంపింది నేనే. మార్చే చెయ్యి ఎవరిదో నాకూ ఇప్పుడే తెలిసిందని ఆయనతో చెప్పు,” అంది.

బేడీలు పడ్డాయి. వాడి జేబులో దొరికిన అసలు తొడుగే కడిగి పంటికి ఎక్కించారు.

ముసలాయన నోరు పుక్కిలించి అన్సూని చెయ్యి పట్టి దగ్గరకు లాక్కున్నాడు.

“ఒరే అబ్బాయ్, రిపోర్టులో డాక్టరమ్మ పేరు రాయి. సెరేర్‌ని ఒక జోలా కాపాడాడని తెలిస్తే, రేపు నోరున్నా మా ఊళ్లో మాట్లాడలేను.”