లైటు ఆర్పే వంపు

రాజపాళయం నుంచి సేత్తూరు పోయే రోడ్లో, మూతబడిన పత్తి గోడౌను దగ్గర ఒక వంపు ఉండాది. పగలు చూస్తే ఏమీ లేదు — రెండు చింతచెట్లు, కూలిపోయిన గోడ, దాని మీద వెలిసిపోయిన ఎలెక్షన్ రాతలు. రాత్రయితే మాత్రం... ఆ వంపు పేరెత్తితేనే రాజపాళయం నూలుమిల్లులో ఆడోళ్ళు చెవులు మూసుకుంటారు.

ఎప్పుడో ఆ గోడౌనులో ఒక వాచ్‌మన్ ఉరేసుకున్నాడంట. ఇప్పటికీ తన లాంతరు వెతుక్కుంటా తిరుగుతాడంట. వెలుతురు కనబడిందా — వచ్చి సైకిల్ క్యారియర్ మీద ఎక్కి కూర్చుంటాడు. పెడలు బరువెక్కుతాది. వెనక్కి తిరిగి చూసినోడు ఇల్లు చేరలేదు.

అందుకని మిల్లోళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. వంపు రాకముందే లైటు ఆర్పాల. ఊపిరి బిగబట్టి దాటేదాకా తొక్కాల. దాటినాక కావాలంటే వేసుకోవచ్చు.

ఈ కథ చెప్పడంలో ధర్మను మించినోడు లేడు. మిల్లులో ఇరవై ఏండ్ల మేస్త్రీ. షుగర్ వచ్చినాక డాక్టరు సైకిల్ తొక్కమన్నాడని, బండి కొడుక్కిచ్చేసి రెండో షిఫ్టుకు సైకిల్లోనే వస్తాడు. టీ గ్లాసు చేతబట్టి, గొంతు తగ్గించి, "క్యారియర్ కిర్రుమనింది తమ్ముడా..." అన్నాడంటే వినేవాడి ఒళ్ళు జలదరించాల్సిందే. అక్కడ రోడ్డు కొంచెం ఎత్తెక్కుతుంది, ఏ సైకిలైనా బరువెక్కుతుంది. ఆ సంగతి ధర్మకు తెలీదా? బాగా తెలుసు. కానీ అది చెప్తే ఇంక కథేముంది!

కొత్తగా పనిలో చేరిన జెగదీశ్‌కు కూడా చెప్పినాడు. వాడు పడీపడీ నవ్వినాడు.

"పో అన్నా! దెయ్యానికి నా సైకిలే దొరికిందా? మా అమ్మ మొన్ననే కొత్త లైటు కొనిచ్చింది."

పది రోజులకు జెగదీశ్ అదే వంపులో లారీ కింద పడి చచ్చిపోయినాడు.

"నవ్వినాడు గదా... అందుకే తీసుకుపోయినాడు" అని మిల్లులో అందరితో అన్నాడు ధర్మ. అన్నాడే గానీ, ఆ రాత్రి నుంచి తనకే నిద్ర లేదు. ఊరికే చెప్పిన కథ నిజమైపోయింది గదా అప్పా! పైగా వారం తిరక్కుండానే ఇంకో కబురు. వంపులో తెల్లగా ఒకటి నిలబడతా ఉందంట... చేతులు ఊపి పిలుస్తా ఉందంట.

ఆ శుక్రవారం రాత్రి షిఫ్టు విడిచేసరికి ధర్మకు జతగా పోయేవాడు ఎవడూ లేడు. ఒక్కడే బయల్దేరినాడు. దారంతా దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. ఈ వంపు ఒక్కటి దాటిస్తే చాలు, రేపే షిఫ్టు మార్పించుకుంటా సామీ అన్నాడు.

చింతచెట్లు కనబడినాయి. స్విచ్చు నొక్కినాడు. లైటు ఆరింది.

చీకటి. తన ఊపిరి తనకే వినబడుతా ఉండాది. పెడలు బరువెక్కింది... రోడ్డు ఎత్తు గదా, ఎత్తే గదా అనుకున్నాడు. ఎంత అనుకున్నా వీపు చల్లబడింది.

గోడ పక్కన తెల్లగా ఒకటి కదిలింది.

చెయ్యి ఎత్తింది. ఊపింది. ధర్మ కళ్ళు మూసుకుని తొక్కినాడు. అది పరిగెత్తింది — ఎదురుగానే పరిగెత్తుకొచ్చింది! హ్యాండిల్ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. సైకిల్, ధర్మ కలిసి రోడ్డు పక్క మట్టిలో పడినారు.

మరు క్షణం వంపు అవతల నుంచి లారీ వచ్చింది. ధర్మ సైకిల్ అంతకుముందు ఉన్న చోటు మీదుగానే వంపు తిరిగి పోయింది. బ్రేకు కూడా వెయ్యలేదు. డ్రైవరుకు అక్కడ ఒక మనిషి ఉండాడనే తెలీదు.

అగ్గిపుల్ల వెలిగింది. ముసలి మొహం. తల నుంచి మోకాళ్ళ దాకా చుట్టుకున్న బ్యాండేజీ గుడ్డ.

"దెబ్బ తగిలిందా సామీ?"

జెగదీశ్ అమ్మ కరుప్పాయి. బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాల దగ్గర పనిచేసే మనిషి. కొడుకు చావునాడు ధర్మ ఆమె ముందు నిలబడి కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

"నువ్వా అమ్మా... ఈ వేళప్పుడు ఇక్కడ..."

"లారీవాళ్ళకు తెల్లగుడ్డ కనబడుతుందని చుట్టుకున్నా. ఇంకో తల్లి కొడుకు పోకూడదు గదా." తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మీ మిల్లోళ్ళు అందరూ ఇక్కడికి రాంగానే లైటు ఎందుకు ఆర్పేస్తారు సామీ? వెయ్యండయ్యా అని చెయ్యి ఊపితే, నన్ను చూసి ఇంకా పరిగెత్తుతారు."

ధర్మ మట్టిలో నుంచి సైకిల్ పైకి లేపినాడు.

"మావాడి సైకిల్ పోలీస్ స్టేషన్ నుంచి తెచ్చినాక స్విచ్చు నొక్కి చూసినా. వెలిగింది సామీ! లైటు బాగానే ఉండాది. వాడే ఆర్పేసినాడు..." ఆమె ధర్మ చెయ్యి పట్టుకునింది. "రోజూ నీ మాటే చెప్పేవాడు. వాడు లైటు ఎందుకు ఆర్పినాడో నీకేమైనా తెలుసా?"

తన కథ విని నవ్వినవాడు... ఆ రాత్రి లైటు ఆర్పినాడు. ఆ చేతిలో నుంచి తన చెయ్యి తీసుకునే ధైర్యం ధర్మకు లేదు.

అప్పుడు రాజపాళయం వైపు నుంచి ఒక చిన్న లైటు వస్తా కనబడింది. మిల్లు సైకిలే. చింతచెట్ల దాకా వచ్చింది... టప్పున ఆరిపోయింది.

సేత్తూరు వైపు నుంచి లారీ మోత.

కరుప్పాయి గుడ్డ విప్పి ఊపుకుంటా రోడ్డు మీదకు పరిగెత్తింది. ధర్మ గొంతు చించుకుని అరిచినాడు.

"లైటు వెయ్యరా! ఒరే... దెయ్యం లేదురా, లైటు వెయ్యరా!"

చీకట్లో నుంచి మగ గొంతు వినబడేసరికి, వాచ్‌మన్ దెయ్యమే అనుకుని ఆ వచ్చేవాడు తల వంచుకుని ఇంకా జోరుగా తొక్కినాడు.